లాయియే దేవాలయం అక్కడి జనానికి ఏమవుతుంది?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. పోయిన నెల అమ్మను తీసుకుని హవాయి వెళ్ళొచ్చాం. ఒవాహు దీవిలో హొనొలులు నుంచి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే లాయియే అని చిన్న ఊరు వస్తుంది. సముద్రం దగ్గర మొదలైన ఒక వీధి నేరుగా కొండ వైపు వెళ్తుంది. ఆ వీధి చివర తెల్లటి కట్టడం. గోపురం లేదు, గంట లేదు, సిలువ కూడా లేదు. ముందు మెట్లుమెట్లుగా నీటి కొలనులు. పైకి చూస్తే గోడల మీద వరసగా చెక్కిన బొమ్మలు. మోర్మన్ల గుడి అన్నారు, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖట.

తోటలో ఎవరైనా తిరగొచ్చట, లోపలికి మాత్రం సభ్యులే వెళ్ళాలట. అమ్మ కాళ్ళు నొప్పులంటే బెంచీ మీద కూర్చోబెట్టాను. పక్కన డెబ్భై దాటిన హవాయి పెద్దావిడ ఉన్నారు. అమ్మ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో, మధ్యలో నేను. రోజూ వస్తారా అని అమ్మ అడిగించింది. ఆవిడ గుడి వైపు చూపించి, "మా నాయనమ్మ ఉటా ఎడారిలో పుట్టింది. దేవాలయం కోసమే మావాళ్ళు అంత దూరం వెళ్ళారు. ఇది కడుతున్నారని తెలిసి మళ్ళీ తిరిగొచ్చారు" అన్నారు. అంతలో ఆవిడ మనవడు వచ్చి తీసుకెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. సముద్రం ఒడ్డున పుట్టిపెరిగినవాళ్ళు ఒక గుడి కోసం ఎడారికి ఎందుకు వెళ్ళారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

వలస_పక్షి:
వీళ్ళ కేంద్రం అమెరికాలో ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ కదండీ. హవాయి వాళ్ళకీ వాళ్ళకీ సంబంధం ఎలా కుదిరింది?

పాత_పటాలు:
ఈ కథ నాకు చాలా ఇష్టం. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మోర్మన్ మిషనరీలు హవాయిలో దిగింది 1850లో. తెల్లవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళు పెద్దగా పట్టించుకోకపోయేసరికి స్థానికుల దగ్గరికి వెళ్ళారు. జార్జ్ క్యానన్ అనే యువకుడు హవాయి భాష నేర్చుకున్నాడు. మావి దీవిలో జొనాథన్ నపేలా అనే న్యాయాధికారి అతనికి ఆశ్రయమిచ్చాడు. ఇద్దరూ కూర్చుని వాళ్ళ పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని హవాయి భాషలోకి తెచ్చారు, అది 1855లో అచ్చయింది. తర్వాతి రోజుల్లో నపేలా భార్యకి కుష్ఠు సోకితే, ఆమెను ఒంటరిగా పంపలేక ఆయన కూడా కలౌపాపా కుష్ఠు కాలనీకి వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. లాయియే గుడి పునాది గురించి ఎవరడిగినా నేను నపేలా నుంచే మొదలుపెడతాను.

1865లో సంఘం లాయియేలో సుమారు 6,000 ఎకరాలు 14,000 డాలర్లకు కొన్నది. చెరకు వేశారు, మిల్లు పెట్టారు. అంతకు ముందు నుంచే హవాయి సంప్రదాయంలో లాయియే శరణు కోరి వచ్చినవాళ్ళకు రక్షణ ఇచ్చే చోటుగా పేరుపడింది.

ఇక ఎడారి సంగతి. వాళ్ళ నమ్మకంలో కొన్ని విధులు దేవాలయంలో తప్ప ఇంకెక్కడా జరగవు. హవాయిలో దేవాలయం లేదు. అందుకని 1880లలో కొందరు ఓడెక్కి సాల్ట్ లేక్ వెళ్ళిపోయారు. అక్కడ భాష రాదు, పని దొరకదు, తెల్లవాళ్ళు కలుపుకోరు. చివరికి సంఘం వాళ్ళ కోసం ఊరికి నైరుతిగా స్కల్ వ్యాలీ అనే ఎండు లోయలో ఒక రాంచ్ కొన్నది. 1889 ఆగస్టు 28న అక్కడ ఊరు పెట్టుకున్నారు. పేరు ఇయోసెపా. అది జోసెఫ్ అన్న పేరుకు హవాయి రూపం. పదిహేనేళ్ళ వయసులో హవాయికి మిషనరీగా వచ్చి, తర్వాత సంఘానికే అధ్యక్షుడైన జోసెఫ్ ఎఫ్. స్మిత్ పేరు అది.

చలికాలం మంచు, ఎండాకాలం ఉప్పుగాలి. అయినా చెట్లు నాటారు, వీధులు వేశారు, కాలవ తవ్వి నీళ్ళు తెచ్చారు. సముద్రం మీద బెంగ పడి చెరువు తవ్వుకుని చేపలు పెంచుకున్నారు. 1896లో కుష్ఠు కూడా బయటపడింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఊరి శ్మశానం నిండుతూ వచ్చింది.

1915 జూన్ 1న జోసెఫ్ ఎఫ్. స్మిత్ లాయియేకి వచ్చి, అక్కడి పాత చాపెల్ ఉన్న చోటనే దేవాలయం కోసం స్థలాన్ని ప్రతిష్ఠించాడు. ఆ వార్త ఇయోసెపాకి చేరింది. 1917 నాటికి ఊరు దాదాపు ఖాళీ. అందరూ సంతోషంగా వెళ్ళారనుకోకండి. బిడ్డల్ని పాతిపెట్టిన నేలను వదిలి వెళ్ళడం కదా. మీకు కనిపించిన పెద్దావిడ నాయనమ్మ ఆ తిరిగొచ్చిన పిల్లల్లో ఒకరై ఉంటారు.

గుడి ప్రతిష్ఠ 1919 నవంబరు 27న జరిగింది. స్మిత్ అది చూడలేదు, ఏడాది ముందే పోయాడు. ఆయన తర్వాత వచ్చిన హీబర్ జె. గ్రాంట్ ప్రతిష్ఠించాడు.

గోదావరి_గట్టు:
పాత_పటాలు గారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇయోసెపాలో ఇప్పుడేముంది?

పాత_పటాలు:
శ్మశానం ఉంది. ఏటా మే నెలాఖరున అమెరికావాళ్ళ స్మారక దినానికి ఆ కుటుంబాల వాళ్ళు వెళ్ళి సమాధులు శుభ్రం చేసి, పూలమాలలు వేసి, అక్కడే వండుకు తిని, ఆడిపాడి వస్తారు. చుట్టూ చెట్టు నీడ కూడా లేని చోట హవాయి పాటలు.

నల్లరేగడి:
కథ బాగుంది. నాకు అర్థం కానిది ఒకటే. ఊరూరా చర్చిలు కట్టుకుంటారు కదా, మరి ఈ దేవాలయం ఎందుకు? పైగా బయటివాళ్ళను రానివ్వరు. దాచాల్సిందేముంది? తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మల్లెపందిరి:
ఇన్నాళ్ళూ ఈ వేదికలో వంటల గురించి, పిల్లల చదువుల గురించే రాశాను. ఈరోజు దీని గురించి రాస్తాను. నేను ఆ సంఘం సభ్యురాలిని. హైదరాబాదు. మా సంఘం పేరు తెలుగులో యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్లు అని పిలవొద్దని 2018 నుంచి మా పెద్దలు గట్టిగానే చెబుతున్నారు. ఇక్కడ అందరికీ తెలిసిన మాట అదే కాబట్టి నేనేమీ అనుకోను.

నల్లరేగడి గారూ, ఆదివారం ఆరాధనకి మేం వెళ్ళేది మామూలు చాపెల్‌కి. అక్కడికి ఎవరైనా రావచ్చు, మా పిల్లల స్నేహితులు కూడా వస్తారు. దేవాలయం వేరు. ఆదివారం అది మూసే ఉంటుంది. అక్కడ వాక్యం చెప్పడం, కానుక పట్టడం ఉండవు. భార్యాభర్తల్ని, పిల్లల్ని చావుతో తెగిపోకుండా ఒకరికొకరిని బంధించే విధి అక్కడే జరుగుతుంది. చనిపోయిన మన పెద్దల తరఫున మనం బాప్తిస్మం తీసుకునేదీ అక్కడే. లోపలికి వెళ్ళాలంటే బిషప్పు దగ్గర, ఆ పైన స్టేకు (చుట్టుపక్కల స్థానిక సంఘాలన్నీ కలిసిన విభాగం) పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడి సిఫారసు కార్డు తీసుకోవాలి. నమ్మకం గురించి అడుగుతారు, దశమభాగం ఇస్తున్నావా, నిజాయితీగా ఉంటున్నావా అని అడుగుతారు. మందు, సిగరెట్టే కాదు, టీ, కాఫీ కూడా మానాలి. ఇరానీ చాయ్ ఊళ్ళో పుట్టి చాయ్ మానడం చిన్న విషయం కాదు. మా ఆయనకి ఏడాది పట్టింది.

లోపల అందరూ తెల్లబట్టలు కట్టుకుంటారు. డాక్టరుగారు, ఆటో నడిపే తమ్ముడు పక్కపక్కన కూర్చుంటే ఎవరు ఎవరో తెలియదు. దాచడం అని మీరన్నారు. మాకది భద్రంగా చూసుకోవడం. ఆ గదిలో విన్నది బజార్లో మాట్లాడితే నాకే ఏదోలా ఉంటుంది.

మా కథ చెబుతాను. అప్పట్లో మాకు దగ్గర దేవాలయం అంటే హాంకాంగ్. మా అమ్మ అప్పటిదాకా తిరుపతి దాటి ఎటూ వెళ్ళలేదు. పాస్‌పోర్టు కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. జనన ధ్రువపత్రంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. అమ్మ గాజులు రెండు అమ్మేశాం. సంఘం నిధి నుంచి కొంత సాయం అందింది. మిగతాది చిట్టీ పాడి తెచ్చాం. గోంగూర పచ్చడి, చపాతీలు కట్టుకుని విమానం ఎక్కాం.

హాంకాంగ్ దేవాలయం కౌలూన్ వైపు ఉంది. ఆ ఊళ్ళో జాగా దొరకదు కదా, అందుకని అంతస్తుల మేడలా కట్టారు. 1996లో ప్రతిష్ఠ జరిగింది. మా నాన్న 2001లోనే పోయారు, ఆయనకి ఈ సంఘం సంగతే తెలియదు. నాన్న తరఫున మా అన్నయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఒక చిన్న గదిలో అమ్మను నాన్నతో బంధించారు, నాన్న స్థానంలో అన్నయ్యే మోకరించాడు. ఆ గదిలో ఎదురెదురు గోడలకి పెద్ద అద్దాలు ఉంటాయి. ఒకదాంట్లో చూస్తే మన బొమ్మ వెనక మన బొమ్మ, దాని వెనక ఇంకో బొమ్మ, చివర కనిపించదు. అమ్మ అద్దంలోకి చూస్తూ మా నాన్నను ఇంట్లో పిలిచినట్టే, "ఏమండీ" అంది. అంతే. గదిలో ఉన్న చైనా ఆవిడకి ఆ మాట అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకుంది.

నా వరకు దేవాలయం అంటే అమ్మ అన్న ఆ ఒక్క మాట.

వలస_పక్షి:
మల్లెపందిరి అక్కా, ఇది చదివి ఆఫీసులో తల దించుకుని కూర్చున్నాను.

గోదావరి_గట్టు:
మాది రాజమండ్రి. పుష్కరాలప్పుడు కోటిలింగాల రేవులో నాన్నగారికి పిండం పెట్టాను. పంతులుగారు గోత్రం అడిగి, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పమన్నారు. ముత్తాత పేరు దగ్గర నేను తడబడితే బాబాయి వెనక నుంచి అందించాడు. ఆ క్షణం ఇప్పుడు గుర్తొచ్చింది. రెండూ ఒకటే అనను, నమ్మకాలు వేరు. కానీ పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు నీళ్ళలోకి దిగి, పేరు పెట్టి పిలవడం నాకు కొత్తగా అనిపించలేదు.

నల్లరేగడి:
మల్లెపందిరి గారూ, మీ అమ్మగారి మాట చదివాక వాదించాలనిపించడం లేదు. అయినా అడగాల్సింది అడుగుతాను, ఎందుకంటే ఆ మాట ఎత్తకపోతే ఈ చర్చ సగమే అవుతుంది.

ఒకటి, మీ నాన్నగారు మీవారు కాబట్టి సరే. కానీ నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లతో కూడా ఇలాంటి బాప్తిస్మాలు జరిగాయి. యూదుల సంఘాలు ఎంతో బాధపడితే 1995లో ఆపుతామని ఒప్పందం చేసుకున్నారు, ఆ తర్వాత కూడా ఆ పేర్లు బయటపడ్డాయి. మతం కారణంగా చంపబడినవాడికి ఇంకో మతం విధి చేయడం ఎంత నొప్పి! రెండు, 1978 వరకు నల్లజాతివారికి ఈ గుడి తలుపు మూసే ఉంది. మూడు, కూతురు పెళ్ళి లోపల జరుగుతుంటే సభ్యులు కాని తల్లిదండ్రులు బయట తోటలో కూర్చోవాలి. మన ఇళ్ళలో అయితే కన్యాదానం చేయాల్సిన తండ్రి గేటు బయట నిలబడ్డట్టు. వీటికి మీరేమంటారు?

మల్లెపందిరి:
మూడూ నిజాలే.

యూదుల విషయంలో జరిగింది తప్పు. ఇప్పుడు సొంత వంశంవాళ్ళ పేర్లే ఇవ్వాలన్నది నియమం. మా బోధ ప్రకారం ఆ విధిని ఒప్పుకోవాలా వద్దా అన్నది అవతల ఉన్న ఆత్మ ఇష్టం, బలవంతం లేదు. ఆ మాట మాకు ఊరటగానీ, ఎవరి తాత అయితే చనిపోయాడో వాళ్ళకి కాదు, అది నాకు తెలుసు.

1978 గురించి నాకు సమాధానం లేదు. మా దగ్గర ఒక ఆఫ్రికా సోదరుడు చదువుకోవడానికి వచ్చి ఉండేవాడు. ఆ సంగతి చదివిన రోజు అతని ముఖం చూడలేకపోయాను. అతనే నాకు ధైర్యం చెప్పాడు.

పెళ్ళి సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా చెల్లెలి పెళ్ళి ఇక్కడే చాపెల్‌లో, మామయ్యలు, పిన్నులు, అందరి ముందూ అయింది. తర్వాత హాంకాంగ్ వెళ్ళి బంధన విధి చేసుకున్నారు. మన దేశంలో అలా కుదురుతుంది. అమెరికాలో అయితే బయట పెళ్ళి చేసుకుంటే దేవాలయానికి ఏడాది ఆగాల్సి వచ్చేది. 2019లో ఆ నియమం తీసేశారు. ఎంతమంది తల్లులు ఆ తోటల్లో కూర్చుని ఎదురుచూశారో. తీసేయడం చాలా ఆలస్యమైందని నా అభిప్రాయం.

పాత_పటాలు:
1978 మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. పాలినీషియన్లకి, అంటే హవాయి, సమోవా లాంటి పసిఫిక్ దీవులవాళ్ళకి, ఆ నిషేధం వర్తించలేదు, అందుకే 1919లోనే లాయియేలో గుడి వచ్చింది. నిషేధం తీసేసినట్టు ప్రకటించింది 1978 జూన్ 9న. నాలుగు రోజుల తర్వాత, జూన్ 13న, మరమ్మతులు పూర్తయిన లాయియే గుడిని అప్పటి సంఘాధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ మళ్ళీ ప్రతిష్ఠించాడు.

ఉక్కునగరం_పిల్ల:
ఆలస్యంగా చూశాను ఈ చర్చ! నేను లాయియేలోనే నాలుగేళ్ళు చదువుకున్నాను, అక్కడి సంఘం యూనివర్సిటీలో. సొంతూరు విశాఖ, గాజువాక. నేను సభ్యురాలినే అయినా నాకు లాయియే అంటే ముందు గుర్తొచ్చేది ఉద్యోగం. పాలినీషియన్ కల్చరల్ సెంటర్‌లో పని చేసి ఫీజు కట్టుకునేదాన్ని. ఆ సెంటర్ 1963లో పెట్టారు. టోంగా, సమోవా, ఫిజీ, తాహితి పిల్లలు తమ ఆటపాటలు చూపించి చదువు ఖర్చులు తెచ్చుకునేలా ఏర్పాటు. యూనివర్సిటీ 1955లో కాలేజీగా మొదలైంది. ఇవన్నీ ఆ గుడి చుట్టూ వచ్చి చేరినవే. మా రూమ్మేటు సమోవా అమ్మాయి. వాళ్ళ తాత దేవాలయం దగ్గరుండాలని దీవి వదిలి లాయియేకి వచ్చి స్థిరపడ్డాడట. అలాంటి ఇళ్ళు అక్కడ ఎన్నో.

గుడి గోడలు రాయి కాదండీ, కాంక్రీటు. ఆ దీవిలో దొరికే లావా రాయిని పిండి చేసి కలిపారు. ఆరాక పైపొరను పనిముట్లతో చెక్కి నునుపు చేశారు. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే చిన్న చిన్న గరుకు తెలుస్తుంది. పైన బొమ్మలు ఫెయిర్‌బ్యాంక్స్ అన్నదమ్ములు చేసినవి.

అక్కడివాళ్ళు తరచూ చెప్పే కథ ఒకటుంది. కట్టేటప్పుడు కలప అయిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం రోజులు, ఎక్కడా దొరకదు. అందరూ ప్రార్థన చేశారు. అప్పుడు కలపతో వెళ్తున్న ఓడ ఒకటి లాయియే ఎదురుగా పగడపు దిబ్బకి తగిలి ఆగిపోయింది. సరుకు దించి బరువు తగ్గిస్తే కలప మీదే అన్నాడట కెప్టెన్. ఊరి మగవాళ్ళు ఈదుకుంటూ వెళ్ళి దించుకొచ్చారు. వాళ్ళలో హమానా కలిలి అనే జాలరి ఉన్నాడంటారు. చెరకు మిల్లులో అతని చెయ్యి నలిగి మధ్య మూడు వేళ్ళు పోయాయి. మిగిలిన బొటనవేలు, చిటికెనవేలితో చెయ్యి ఊపేవాడు. హవాయిలో ఇప్పుడు అందరూ చూపించే ఆ షాకా సైగ అతని చెయ్యి నుంచే వచ్చిందని ఊరంతా చెబుతారు.

అన్నీ పాలూతేనే అని చెప్పను. ఊళ్ళో భూమి ఎక్కువ భాగం సంఘానికి చెందిన సంస్థలదే. ఇళ్ళ అద్దెలు, కొత్త కట్టడాల మీద వాదాలు నేనే విన్నాను. కానీ గుడి మీద మాత్రం ఎవరూ పరుషంగా మాట్లాడేవారు కాదు. సాయంత్రం కొలనుల పక్కన పిల్లలు ఆడుకుంటుంటే, ముసలివాళ్ళు పక్క గడ్డి మీద పూలు ఏరి మాల కట్టేవారు. ఒక మామ్మ నాకు మాల కట్టడం నేర్పింది. అది మన మల్లెపూల మాల లాంటిది కాదు, పువ్వు మధ్యలోంచి సూదితో గుచ్చాలి.

పాత_పటాలు:
దూరం నుంచి లాయియేకి వచ్చినవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. న్యూజిలాండ్‌లో 1958లో దేవాలయం వచ్చే వరకు అక్కడి మూలవాసులైన మావోరీలు వెళ్ళింది ఇక్కడికే. 1965లో జపాన్ నుంచి 160 మందికి పైగా సభ్యులు డబ్బు కూడబెట్టుకుని విమానం మాట్లాడుకుని లాయియే వచ్చారు. వాళ్ళ కోసం విధులన్నీ జపాన్ భాషలోకి తెచ్చారు. టోక్యోలో సొంత దేవాలయం రావడానికి ఇంకో 15 ఏళ్ళు పట్టింది.

ఇక మనకి దగ్గరి సంగతి. మల్లెపందిరి గారికి తెలిసే ఉంటుంది. హైదరాబాదుకి ఈ సంఘం అమెరికా నుంచి నేరుగా రాలేదు, పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది. ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త ఉద్యోగరీత్యా సమోవాలో ఉండగా కుటుంబంతో సంఘంలో చేరారు. హైదరాబాదులో ఉన్న బంధువులకి ఈ మాట చెప్పాలని కోరారు. చివరికి ఆయన్ని, భార్య ఎల్సీని 1978 డిసెంబరులో కొద్దికాలం మిషనరీలుగా ఇక్కడికే పంపారు. ఆ కొద్ది రోజుల్లో బంధువుల్లో ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే.

మల్లెపందిరి:
అవునండీ. భారతదేశంలో మొదటి స్టేకు కూడా హైదరాబాదులోనే ఏర్పడింది, 2012 మే 27న. ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. సమోవా నుంచి మొదలైన సంగతి మా పెద్దవాళ్ళు అప్పుడు మళ్ళీ చెప్పారు. లాయియేకి, మాకు మధ్య ఇంత చుట్టరికం ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఇంకో రోజు చెప్తాను. 2018 ఏప్రిల్. సాల్ట్ లేక్‌లో ఆదివారం మధ్యాహ్నం సభ అంటే మనకి సోమవారం తెల్లవారుజాము. నేను, అమ్మ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాం. మూడు దాటింది. అమ్మ గోడకానుకుని నిద్రపోయింది. అప్పటి మా సంఘాధ్యక్షులు రస్సెల్ నెల్సన్ గారు కొత్త దేవాలయాల పేర్లు చదువుతూ "బెంగళూరు" అన్నారు. అక్కడ హాల్లో జనం ఒక్కసారి నోరెళ్ళబెట్టిన చప్పుడు ఫోన్లో వినిపించింది. అమ్మను కుదిపి లేపాను. "ఎంత దూరం?" అంది. "రాత్రి రైలెక్కితే పొద్దునకి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి గాజులు అమ్మక్కర్లేదుగా" అంది.

2020 డిసెంబరు 2న అక్కడ భూమిపూజ అయింది. కోవిడ్ రోజులు కాబట్టి కొద్దిమందే వెళ్ళారు, మేం ఫోన్లోనే చూశాం. నల్లరేగడి గారూ, ఏ దేవాలయమైనా ప్రతిష్ఠకు ముందు కొన్ని వారాలు అందరికీ తలుపులు తీస్తారు, లోపల ప్రతి గదీ చూపిస్తారు. లాయియేలో కూడా 2010లో మరమ్మతుల తర్వాత అలాగే తీశారు. బెంగళూరులో తీసినప్పుడు నేనే మీకు చూపిస్తాను. అద్దాల గది కూడా.

నల్లరేగడి:
తప్పకుండా వస్తానమ్మా. మా ఆవిడను కూడా తీసుకొస్తాను.

ఉక్కునగరం_పిల్ల:
నేనూ!

గోదావరి_గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. ఇయోసెపా దగ్గర ఒకసారి, "ఏమండీ" దగ్గర ఒకసారి ఆపమంది. తర్వాత నా దగ్గర నోటుపుస్తకం, పెన్ను తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నాన్నగారి వైపు ఐదు తరాల పేర్లు గడగడా రాసింది. తన పుట్టింటి వైపు మగవాళ్ళ పేర్లు కూడా వచ్చాయి. వాళ్ళ అమ్మమ్మ పేరు దగ్గర ఆగిపోయింది. అందరూ ఆవిడను మామ్మ అనే పిలిచేవాళ్ళట. ఎప్పుడూ పేరుతో ఎవరూ పిలవలేదట.

పొద్దున లేచి చూస్తే ఆ గడి ఖాళీగానే ఉంది. కాకినాడలో పెదమామయ్యకి తెలిసి ఉండొచ్చని, ఇండియాలో తెల్లవారగానే ఫోన్ కలపమంది.